ఇఫ్ గారింట విల్‌కి ప్రవేశం లేదట

అమలాపురం నుంచి ఓడలరేవు దాకా రోడ్డు పక్కన కొబ్బరిచెట్టు లేని జాగా అయినా దొరుకుతుందేమో గానీ స్పోకెన్ ఇంగ్లిష్ ప్రకటన లేని కరెంటు స్తంభం దొరకడం కష్టం. ఒకాయన 30 రోజుల్లో వచ్చేస్తుందంటాడు. పక్క స్తంభం మీదాయన 21 రోజులు చాలంటాడు. పాడ్యమి నాడు మొదలెడితే విజయదశమికి నోట పలికించేస్తాననే ఆయన ఇంకా రాలేదు, వచ్చే దసరాకి రావచ్చు. రోజుల దగ్గర పోటీ ఎంతున్నా లోపల అమ్మే సరుకు ఒక్కటే: ఒక జిరాక్స్ కాగితం. దాని మీద రెండు నిలువు వరసలు. ఎడమన విల్, కుడిన వుడ్. ఎడమన కెన్, కుడిన కుడ్. మే ఎదురుగా మైట్, షల్ ఎదురుగా షుడ్, మస్ట్ ఎదురుగా హ్యాడ్ టు. ఆ కింద టుడేకి దట్ డే, టుమారోకి ద నెక్స్ట్ డే, హియర్‌కి దేర్. అడుగున, శుభలేఖలో ముహూర్తంలాగా, గీతల మధ్య మూడు శాసనాలు. మెయిన్ క్లాజు పాస్ట్ టెన్స్ అయితే సబార్డినేట్ క్లాజు కూడా పాస్ట్ టెన్సే. ఇఫ్ తర్వాత విల్ రాకూడదు. యూనివర్సల్ ట్రూత్ అయితే మార్చనక్కర్లేదు. జిరాక్స్ మీద జిరాక్స్ తీసి తీసి అక్షరాలు వెలిసిపోయాయి గానీ నమ్మకం మాత్రం కాపీ కాపీకీ ముదురుతోంది. ఇంగ్లిష్ మీడియం కావాలా వద్దా అని 2019లో 81వ నంబరు జీవో వచ్చినప్పుడూ కొట్టుకున్నాం, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టేసినప్పుడూ కొట్టుకున్నాం. ఆ మీడియంలోకి వెళ్లే ఇంగ్లిష్ ఏ కాగితం మీద ఉందో చూద్దామన్నవాళ్లు తక్కువ.

ఆ కాగితాన్ని నడిపేది దొర–బంట్రోతు వ్యాకరణం. ప్రధాన వాక్యం దొర, ఉపవాక్యం బంట్రోతు. దొర నిన్నటిలోకి నడిస్తే బంట్రోతు గొడుగు పట్టుకుని నిన్నటిలోకే నడవాలి. తను మోస్తున్న సంగతి రేపటిదనీ, లేదా ఈ క్షణానికీ నిజమేననీ బంట్రోతు మనవి చేసుకోవడానికి వీల్లేదు. ఈ సేవాధర్మం ఇంగ్లిష్ సొంత సొత్తు కాదు. లాటిన్ వ్యాకరణంలో కన్సెక్యూషియో టెంపోరం అని ఒక సూత్రం ఉంది. ఉపవాక్యంలోని క్రియకి ప్రత్యేకంగా సబ్‌జంక్టివ్ రూపాలున్న భాష కాబట్టి అక్కడ దానికి పనీ ఉంది, జీతమూ ఉంది. ఆ చొక్కానే తెచ్చి ఇంగ్లిష్‌కి తొడిగారు, చేతులు పొడుగైతే మడత పెట్టుకోమన్నారు. షల్, విల్‌ల పంపకాల తగువు కూడా పాతదే. ఐ, వుయ్‌లకి షల్ అనీ మిగతావాళ్లకి విల్ అనీ 1653లో వాటాలు వేసినవాడు జాన్ వాలిస్. అసలు వృత్తి గణితం. 1655లో అనంతానికి గుర్తుగా ఎనిమిదిని పడుకోబెట్టిందీ ఆయనే. తన వాటాల పత్రం ఎన్నాళ్లు చలామణీ అవుతుందో ముందే లెక్క కట్టుకున్నాడేమో.

మన దేశానికి ఈ కవాతు నేర్పింది 1930లలో బొంబాయిలో అచ్చయిన రెన్ అండ్ మార్టిన్ వ్యాకరణం. రెన్ గారు అంతకుముందు 1924లో బో జెస్ట్ అనే నవల రాసి పేరు తెచ్చుకున్నారు. అది ఫ్రెంచి ఫారిన్ లీజియన్ పటాలం కథ. సైనికుల చేత కవాతు చేయించిన చెయ్యి క్రియల చేత చేయించడంలో వింతేముంది? సరిగ్గా ఆ 1924లోనే డెన్మార్క్ పండితుడు ఒట్టో యెస్పర్సన్ ఫిలాసఫీ ఆఫ్ గ్రామర్ అనే పుస్తకంలో కాలం వేరు, క్రియారూపం వేరు, రెండింటినీ కలిపి కట్టేయకండి అని విడమర్చి చెప్పాడు. పరోక్ష కథనంలో క్రియ వెనక్కి జరగడాన్ని బ్యాక్‌షిఫ్టింగ్ అన్నాడు. 2002లో హడిల్‌స్టన్, పులమ్ కలిసి తెచ్చిన కేంబ్రిడ్జ్ వ్యాకరణం ఇంకో మెట్టెక్కి, ఇంగ్లిష్‌కి భవిష్యత్ కాలమనే క్రియారూపమే లేదని, విల్ అనేది కెన్, మే, మస్ట్‌ల పక్కన కూర్చునే మోడల్ అని తేల్చింది. నవల వచ్చిన ఏడాదే వచ్చిన యెస్పర్సన్‌కి నూరేళ్లు దాటాయి. కరెంటు స్తంభాల దాకా మాత్రం రాలేదు. రెన్ అండ్ మార్టిన్‌ని ఒకందుకు వెనకేసుకు రావాలి. అందులో మినహాయింపులు, వివరణలు, లెక్కలేనన్ని ఉదాహరణలు ఉన్నాయి. జిరాక్స్ కాగితం వాటిని వడపోసి పిప్పి మాత్రం ఉంచుకుంది.

ఇప్పుడా కాగితాన్ని ఓడలరేవులో పెట్టి చూడండి. వైనతేయ గోదావరి సముద్రంలో కలిసే చోట, ఒడ్డున పొద్దున ఒకాయన, రేపు ఇక్కడికి చేపల లారీ వస్తుందన్నాడనుకుందాం. సాయంత్రం అదే ఒడ్డున, అదే ఇసుకలో నిలబడి ఆ మాట ఇంకొకరికి చేరవేయాలి. కాగితం ప్రకారం హియర్ కాస్తా దేర్ అవుతుంది, టుమారో కాస్తా ద నెక్స్ట్ డే అవుతుంది. విన్నవాడు, అక్కడికంటే ఎక్కడికి, మర్నాడంటే ఏనాటి మర్నాడు అని బుర్ర గోక్కుంటాడు. కాళ్ల కింద ఉన్న ఊరిని ఎత్తి అవతలి ఒడ్డున పెట్టే శక్తి హనుమంతుడి తర్వాత ఈ కాగితానికే ఉంది. చెప్పిన చోటూ తిరిగి చెప్పే చోటూ వేరైతేనే హియర్ మారుతుందని, రోజు గడిస్తేనే టుమారో మారుతుందని ఒక్క ముక్క రాస్తే సరిపోయేది. రాస్తే కుడి వరస ఖాళీ అయిపోతుందని భయం కాబోలు. మూడో శాసనం మరీ ముచ్చటైనది. యూనివర్సల్ ట్రూత్‌కి మాఫీ ఉంది. సూర్యుడు తూర్పున ఉదయిస్తాడన్నది సరే, అది ఎలాగూ పరీక్షలో వస్తుంది. ఓడలరేవు సముద్రపు ఒడ్డున ఉందన్నది సార్వకాలిక సత్యమా? కోనసీమ తీరంలో కోత ఎరిగినవాడెవడూ ఆ మాట మీద సంతకం పెట్టడు. ఓడలరేవులో ఓడలుంటాయన్నదో? పేరులో ఉన్నాయి, రేవులో ఉన్నవి వేట పడవలు. మాస్టారు ఓడలరేవు అల్లవరం మండలంలో ఉందన్నారు అని ఇంగ్లిష్‌లో చెప్పాలంటే, ఈజ్ అనాలా వాజ్ అనాలా? మండలాలు 1980లలో వచ్చాయి, జిల్లా 2022లో మారింది. ఇవి సార్వకాలికం కావు గనుక వాజ్ అనమంటుంది కాగితం. వాజ్ తప్పేం కాదు. ఈజ్ కూడా తప్పు కాదు. ఇప్పటికీ అక్కడే ఉన్న ఊరిని ఇప్పటికీ ఉందని చెప్పడానికి దానికి విశ్వసత్యమనే సర్టిఫికెట్ అక్కర్లేదు, అక్కడ ఉండటమే చాలు.

అసలు చిక్కు ఎక్కడుందంటే, ఈ కాగితం క్రియారూపాన్ని గడియారం అనుకుంటోంది. మన భాషలోనే అది గడియారం కాదని రోజుకి పదిసార్లు రుజువవుతుంది. ఫోన్ చేసి ఎక్కడున్నావని అడిగితే, వచ్చేశా వచ్చేశా అంటాడు మనిషి. భూతకాలం. అప్పటికి లుంగీ మార్చుకోలేదు. బయల్దేరేటప్పుడు వెళ్లొస్తానంటాం, వెళ్లడం గురించీ రావడం గురించీ ఒక్క క్రియతో తేల్చేసి. వాడొచ్చాడంటే గొడవే అన్నప్పుడు వాడింకా రాలేదు, వచ్చాడు అన్న రూపం మాత్రం వచ్చి కూర్చుంది. రోజూ ఆరింటికి బస్సు వస్తుంది, రేపూ వస్తుంది: రెండింటికీ ఒకటే వస్తుంది. పాత తెలుగు వ్యాకరణంలో, చిన్నయసూరి బాలవ్యాకరణంలోనూ, తద్ధర్మమని దీనికి దగ్గర చుట్టమే ఉంది. స్వభావాన్ని చెప్పే రూపంతోనే రేపటినీ చెప్పుకోవడం మనకి అమ్మ నేర్పిన విద్య. ఇంగ్లిష్‌వాడు ద బస్ లీవ్స్ ఎట్ సిక్స్ టుమారో అంటే మాత్రం మనం ఉలిక్కిపడి, ఎస్ పెట్టాక రేపెలా అవుతుందని అడుగుతాం.

వుడ్ సంగతికొస్తే ఓడలరేవులోనే ఒక పెద్ద ఉదాహరణ, పైపులైను వేసి మరీ, పడి ఉంది. కేజీ బేసిన్‌లో 98/2 బ్లాకు అభివృద్ధికి 2016లో ఓఎన్‌జీసీ నిర్ణయం తీసుకుంది. సముద్రం అడుగున తీసిన గ్యాసు పైపుల్లో వచ్చి చేరేది ఓడలరేవు టెర్మినల్‌కే. చమురు 2020 నాటికి బయటికొస్తుందన్నది అప్పటి లెక్క. తొలి చమురు వచ్చింది 2024 జనవరి 7న. ఇప్పుడీ సంగతిని రెండు తేదీల్లో ఇద్దరు విలేకరులు రాస్తున్నారనుకోండి. 2016లో రాసేవాడు సెడ్ తర్వాత విల్ పెట్టొచ్చు, వుడ్ కూడా పెట్టొచ్చు. 2024లో రాసేవాడికి వుడ్ తప్ప గతి లేదు. ఇద్దరి వాక్యాల్లోనూ ప్రధాన క్రియ ఒకటే: సెడ్. దొర ఒకడే అయినప్పుడు బంట్రోతు ఒకచోట స్వేచ్ఛగా ఎందుకు తిరిగాడు, ఇంకోచోట ఎందుకు కట్టుబడ్డాడు? రాసేవాడు ఎక్కడ నిలబడి చూస్తున్నాడు, చెప్పిన సంగతి ఇంకా ముందుందా దాటిపోయిందా, ఆ మాటకి తను పూచీ పడతాడా, లేక ఎవరో అన్నారని ఊరుకుంటాడా అన్నవే దాన్ని తేలుస్తాయి. గల్ఫ్‌కి మనుషుల్ని పంపే కోనసీమలో ఇది ఇంటింటికీ తెలిసిన విద్య. వీసా వస్తుందని ఏజెంటు చెప్పాడు. ఇంకా నమ్మకమున్న ఇల్లాలు, వస్తుందన్నాడండి అంటుంది. నాలుగు నెలలు చూసిన మామగారు, వస్తుందట అంటాడు. ఆ చిన్న ట ఏం చేసింది? మాటని ఏజెంటు గుమ్మంలోనే దింపేసి వచ్చింది. ఇంగ్లిష్‌లో హీ సెడ్ ఇట్ వుడ్ కమ్ అన్నప్పుడు వుడ్ మోసే బరువులో పెద్ద భాగం ఇదే. రెండూ అచ్చంగా ఒకటని అనను. మన ట కి సెడ్‌తో పని లేదు, వాళ్ల వుడ్‌కి ఇంకా నాలుగు ఉద్యోగాలున్నాయి. కానీ మామగారి గొంతులోని ఆ ఎడం తెలిసిన పిల్లకి వుడ్‌ని విల్ తాలూకు పాస్ట్ టెన్స్ అని చెప్పడమంటే, చేతిలో ఉన్న తాళంచెవి లాక్కుని తలుపు బొమ్మ ఇచ్చినట్టు.

ఇక ఇఫ్ గారిల్లు. అక్కడ విల్‌కి అంటరానితనం. ఎందుకని అడిగిన పిల్లకి దొరికే జవాబు, రూల్ అమ్మా. ఆ పిల్ల నోట్లోనే జవాబుంది, చూడండి. నీళ్లు పెరిగితే, వేట నిషేధం అయ్యాక, పోటు తగ్గేదాకా, వాన మొదలయ్యేలోగా, పడవ వచ్చేటప్పటికి, ఎవరొచ్చినా, తలుపు మూసుండేలా చూడు. ఈ మాటలన్నిట్లో క్రియ సగంలో ఆగింది. పెరిగితే అన్నదానికి నిన్న లేదు, రేపు లేదు, ఎవరు పెరిగారన్న గుర్తు కూడా లేదు. మొత్తం బరువు వాక్యం చివర వచ్చే అసలు క్రియ మీద వదిలేసింది. ఇంగ్లిష్ సరిగ్గా ఈ చోట్లలోనే విల్ పెట్టదు: ఇఫ్ ద వాటర్ రైజెస్, ఆఫ్టర్ ద బ్యాన్ ఎండ్స్, అంటిల్ ద టైడ్ టర్న్స్, బిఫోర్ ఇట్ రెయిన్స్, మేక్ ష్యూర్ ద డోర్ ఈజ్ షట్. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట ఆపేసి వలలు బాగుచేసుకునే మనిషి, నిషేధం అయ్యాక వెళ్తాం అన్నప్పుడు, రేపటిని వెళ్తాంలో ఒక్కసారే చెప్తాడు. అయ్యాకలో మళ్లీ చెప్పడు. ఇంగ్లిష్‌వాడూ అంతే పొదుపరి. ఇప్పుడు రెండో వైపు. వస్తాడో రాడో తెలీదు, వస్తాడని అనుకుంటున్నా, ఎప్పుడొస్తాడో చెప్పలేదు. ఇక్కడ క్రియ పూర్తిగా నిలబడింది, కాలంతో, మనిషి గుర్తుతో సహా. ఇంగ్లిష్‌లోనూ ఇక్కడ విల్ దర్జాగా కూర్చుంటుంది: ఐ డోంట్ నో ఇఫ్ హీ విల్ కమ్. ఇఫ్ ఉంది, విల్ ఉంది, ఆకాశం విరిగి పడలేదు. కాగితం బట్టీ కొట్టిన పిల్ల మాత్రం విల్‌ని చూసి జడిసి, ఐ డోంట్ నో ఇఫ్ హీ కమ్స్ అని రాస్తుంది. వస్తాడో రాడో అన్న మాట నోట్లో ఉండగా!

అంతటితో ఆగదు. ఇఫ్ యూ విల్ వెయిట్ హియర్ అని ఇంగ్లిష్‌వాడు మర్యాదగా అంటాడు. ఇఫ్ ఇట్ విల్ హెల్ప్, ఐ విల్ కమ్ అనీ అంటాడు. కాగితం దృష్టిలో ఇవి నేరాలు. తెలుగు చేసి చూడండి. మీరు కాస్త ఆగుతానంటే, ఉపయోగపడుతుందంటే వస్తాను. ఆగితే కాదు, ఆగుతానంటే. అంటే ముందు నిండు క్రియ నిలబడింది, కాబట్టి అక్కడ విల్ నిలబడింది. వ్యాకరణ పండితులు ఈ విల్‌కి ఇష్టమని, సమ్మతి అని, ఫలితమని పేర్లు పెట్టి పేజీలు నింపారు. అమలాపురం బస్సులో చీటీ చించే కండక్టరమ్మ, దిగుతానంటే ఆపుతానండి అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంది.

దీనికి మొదటి అభ్యంతరం పరీక్ష నుంచి వస్తుంది, రావాలి కూడా. పదో తరగతి ప్రశ్నపత్రంలో వాక్యాన్ని రిపోర్టెడ్ స్పీచ్‌లోకి మార్చమంటారు, స్టాఫ్ సెలెక్షన్ పరీక్షల్లో డైరెక్టూ ఇండైరెక్టూ అడుగుతారు, మార్కులు మామగారి గొంతుకి వేయరు, కుడి వరసకి వేస్తారు. నిజమే. పరీక్షలో ఎవరు ఎక్కడ నిలబడ్డారో, ఏ రోజు చెప్తున్నారో ఉండదు. కాబట్టి చెప్పినవాడు ఎక్కడో ఎప్పుడో చెప్పాడు, చేరవేసేవాడు ఇంకెక్కడో ఆ తర్వాతెప్పుడో ఉన్నాడు అనుకుని ఆడే ఆట అది. చదరంగంలో ఏనుగు తిన్నగానే నడుస్తుంది, ఊళ్లో ఏనుగు ఎటైనా నడుస్తుంది. ఈ తేడా ఒక్క వాక్యంలో చెప్పి ఆ తర్వాత కాగితం పంచినా ఎవరికీ నష్టం లేదు. ఆ వాక్యం చెప్పకుండా, ఆటని అడవి అని అమ్మడమే నా అభియోగం. పిల్లలకి ఇన్ని మెలికలు చెప్తే గందరగోళమంటారు కొందరు. సగంలో ఆగిన క్రియకి విల్ వద్దు, నిండు క్రియకి విల్ ఉండొచ్చు అన్నది మెలిక అయితే, యూనివర్సల్ ట్రూత్ ఏదో కాదో తేల్చుకోమని పదిహేనేళ్ల పిల్లని వేదాంతంలోకి దింపడాన్ని ఏమనాలి?

రెండో అభ్యంతరం గంభీరంగా వస్తుంది, టై కట్టుకుని: తెలుగులో ఆలోచిస్తే ఇంగ్లిష్ పాడైపోతుంది, ఇంగ్లిష్‌లోనే ఆలోచించాలి. ఇందులో నిజం పాలు కొంత ఉంది, దాచను. వాడు వస్తానన్నాడు అంటాం మనం. వాడు అని మొదలెట్టి, వస్తాను అని వాడి నోటి మాటని వాడి నోటితోనే ఉంచేస్తాం. ఇంగ్లిష్ అందుకు ఒప్పుకోదు. హీ సెడ్ ఐ విల్ కమ్ అనే మన తప్పు అచ్చంగా తెలుగు కన్న బిడ్డే. ఇంకా ఉంది. రేపు వచ్చే మనిషి అన్నప్పుడు వచ్చే అన్నది సగం క్రియే, కానీ ఇంగ్లిష్‌లో హూ విల్ కమ్ అనొచ్చు. అంటే నా తాళంచెవి ఇఫ్, వెన్, ఆఫ్టర్, అంటిల్ తలుపులకి పనిచేసినంత సాఫీగా హూ, విచ్ తలుపులకి పనిచేయదు. సరే, ఒప్పుకున్నాం. కానీ ఇఫ్ హీ విల్ కమ్ అనే తప్పు ఎవరి బిడ్డ? వస్తే అన్న మాటలో రేపన్నది లేనే లేదే! ఆ తప్పు తెలుగు నుంచి రాలేదు, విల్ అంటే ఫ్యూచర్ టెన్స్ అని మొదటి రోజు అంటించిన చీటీ నుంచి వచ్చింది. చీటీ అంటించిందీ వాళ్లే, ఇఫ్ దగ్గర దాన్ని పీకమని బెత్తం పట్టిందీ వాళ్లే, పీకలేకపోతే తెలుగు మీడియం పిల్లలింతే అన్నదీ వాళ్లే.

తెలుగులో వుడ్ లాంటిది లేదన్న మాట కూడా ఈ టై కట్టిన నోటి నుంచే వింటాం. పిలిస్తే వచ్చేవాడు అనండి. పూర్వం ఎప్పుడు పిలిచినా వచ్చేవాడు, పాపం మంచివాడు అని ఒక అర్థం. పిలవలేదు గనుక రాలేదు, పిలిచుంటే వచ్చేవాడు అని ఇంకో అర్థం. పాత అలవాటూ, జరగని ముచ్చటా ఒకే రూపంలో ఇమిడిపోయాయి. ఇంగ్లిష్ వుడ్‌లో కూడా సరిగ్గా ఈ రెండూ కాపురం ఉంటున్నాయి. ఇంత దగ్గరి పోలిక దొరికితే మాస్టారు పండగ చేసుకోవాలి. కాగితంలో దానికి చోటు లేదు, వుడ్ గడి విల్ ఎదురుగా ఎప్పుడో నిండిపోయింది. మే కథా ఇంతే. లోపలికి రావచ్చు, వాన రావచ్చు: అనుమతికీ అనుమానానికీ మనకి ఒకటే వచ్చు, వాళ్లకి ఒకటే మే. మైట్ ఎదురు గడిలో ఉన్నంత మాత్రాన నిన్నటిది అయిపోదు, అనుమానం ఇంకాస్త ముదిరితే మైట్ అంటారు, ఇప్పటి సంగతికైనా సరే. 1996 నవంబరు 6 రాత్రి తుపాను చూసిన కోనసీమకి రావచ్చుకీ వస్తుందేమోకీ వచ్చి తీరుతుందికీ ఉన్న తేడా ఎవరూ బోర్డు మీద రాసి చెప్పక్కర్లేదు. కొబ్బరితోటలు వేళ్లతో సహా లేచిపోయిన చోట ఆ తేడాలు ప్రాణాలతో నేర్చుకున్నారు. వాతావరణ శాఖ కూడా లైక్లీకీ వెరీ లైక్లీకీ మధ్య ఎంత శాతమో లెక్క పెట్టుకుని మరీ రాస్తుంది. మన కాగితమే మే పక్కన మైట్ రాసి చేతులు దులుపుకుంది.

చివరి గడి మిగిలింది: మస్ట్ ఎదురుగా హ్యాడ్ టు. చూడ్డానికి అన్నిటికన్నా నెమ్మదస్తురాలు. హెల్మెట్ పెట్టుకోవాలి అన్నది హ్యాడ్ టు అయితే కొంపేం మునగదు, మస్ట్‌ని మస్ట్‌గానే ఉంచినా ఇంగ్లిష్‌వాడు ఏమీ అనుకోడు. కానీ దాని పక్కన నాట్ వచ్చి చేరిందంటే సంగతి వేరు. మస్ట్ నాట్ అంటే కూడదు. డిడ్ నాట్ హ్యావ్ టు అంటే అక్కర్లేదు. కూడదుకీ అక్కర్లేదుకీ ఉన్న దూరం ఏ భాషలోనైనా పెద్దదే, గ్యాసు పైపుల పక్కన ఇంకా పెద్దది. ఇదే కోనసీమలో పాశర్లపూడి బావి 1995 జనవరి 8న అంటుకుని 65 రోజులు మండింది. అలాంటి నేల మీద ఒక టెర్మినల్ గేటు ఊహించుకోండి, కల్పితమైన గేటే, కల్పితమైన గార్డే. లోపల పొగ తాగకూడదు అని ఇంగ్లిష్‌లో మస్ట్ నాట్ పెట్టి చెప్పాడు. విన్నది కాగితంలో ఫస్ట్ క్లాసు తెచ్చుకున్న కుర్రాడు. వెనకొచ్చేవాళ్లకి వరస తప్పకుండా మార్చి చేరవేశాడు: గార్డు సెడ్, వుయ్ డిడ్ నాట్ హ్యావ్ టు స్మోక్. దొర పాస్ట్, బంట్రోతు పాస్ట్, మస్ట్‌కి హ్యాడ్ టు, మార్కులు పూర్తిగా వేయాల్సిందే. వెనకొచ్చిన పెద్దమనిషి మర్యాదస్తుడు, గోదావరి మనిషి, ఒకరికి శ్రమ ఇవ్వడం ఇష్టముండదు. జేబులో అగ్గిపెట్టె తడుముకుంటూ నవ్వాడు. “తాగనక్కర్లేదన్నారాండి? అబ్బే, మనకేం మొహమాటం లేదండి, అలవాటే. ఆయ్.”